కెంచికి గది

జట్కా పూర్తిగా ఆగకముందే కుక్క దిగింది. దాని వెనక ఒక అమ్మాయి దిగింది. ఆ తర్వాత ఆమె భుజం పట్టుకుని, వెదురుబద్దలాంటి ఒక మనిషి నెమ్మదిగా కాలు కింద పెట్టాడు.

అది 1961, మే నెల. హిందూపురం వ్యాపారి ముత్యాలప్పకు పెనుకొండలో కొండకింద ఒక బంగళా ఉండేది. జబ్బుపడి లేచినవాళ్ళకు డాక్టర్లు గాలిమార్పు రాసిచ్చే రోజులవి. అట్లా వచ్చేవాళ్ళకు ఆ ఆరు గదులూ అద్దెకిచ్చేవాడు. నేను మేనేజరును. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి.

"ఇక్కడ కుక్కలకు ప్రవేశం లేదండీ," అన్నాను. "గేటు దగ్గర బోర్డుంది. చదవడం వచ్చు కదా?"

"నాకు వస్తాది. కెంచికి రాదు," అంది ఆ అమ్మాయి.

"చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెప్పాలి."

"చెప్పినా. పోనంటాంది."

గోధుమరంగు కుక్క నా చెప్పులు వాసన చూసి, తుమ్మింది.

"ధర్మవరం నుంచి మీరు రాసిన కార్డులో కుక్క సంగతి లేదే?"

"రాసింటే గదిస్తాంటిరా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"అందుకే రాయలేదు మేనేజరయ్యా."

ఆమె పేరు ఈశ్వరి. ఆ మనిషి ఆమె నాయన చౌడప్ప. పట్టుచీరలు నేసేవాడు. టైఫాయిడ్ వచ్చి తగ్గి నలభై రోజులైంది. పొద్దున ఒక మైలు, సాయంత్రం ఒక మైలు నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"ముప్పై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూచున్న మనిషి," అంది ఈశ్వరి. "పనిలేకుండా నడిచేది ఈయనకు తెల్దు."

"నడిచేదానికని నడిచేదేందప్పా, పిచ్చోని మాదిరి?" అన్నాడు చౌడప్ప జట్కా చక్రానికి ఆనుకుని. "యాడికన్నా పోవాలంటే పోతా. ఊరికే పోయి ఊరికే వచ్చేదా?"

"చూస్తిరా? కుక్కను తిప్పాలంటే మాత్రం లేస్తాడు. అది లాగుతాది, ఈయన తిట్టుకుంటా పోతాడు. దీన్ని వదిలేసి వచ్చేదాని కంటే మందులు మానుకునేది మేలు."

"గేటు బయట వేపచెట్టుకు కట్టేయండి, మరి."

"కొండమీద చిరుత ఉండాదని జట్కా ఆయప్ప ఇప్పుడే చెప్పినాడు. కట్టేసిన కుక్కంటే దానికి ఇస్తరేసి వడ్డించినట్లేనంట."

ఆ మాట అబద్ధం కాదు. సంక్రాంతి ముందర రైల్వేగేటు దగ్గరి కుక్కను అది ఎత్తుకుపోయింది.

"శనివారం ముత్యాలప్పగారొస్తారు. అంతవరకూ పడమటి చివర గదిలో ఉండండి. తర్వాత ఆయన ఎట్లా అంటే అట్లా," అన్నాను.

జాలిపడి ఒప్పుకున్నానని ఆ రోజు నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు. బంగళాకు వచ్చేవాళ్ళు నా చేతిలో తాళంచెవిని చూస్తారు. ఆ అమ్మాయి నా మొహం చూసింది. అది నాకు అలవాటు లేని విషయం. ఎవరైనా అట్లా చూస్తే మనిషి వెంటనే ఏదో ఒకటి ఇచ్చేసి తప్పించుకుంటాడు. నేను గదిచ్చాను.

ఆ బోర్డు రాసింది కూడా నేనే. ముత్యాలప్ప "ఏదో ఒగటి రాయప్పా" అంటే, ఏడు నియమాలు ఆలోచించి, తెల్ల రంగుతో రెండు రోజులు కూర్చుని రాశాను. ఒంటరిగా ఉండేవాడికి నియమాలు ఇంట్లో మనుషుల్లాంటివి. అవి ఎప్పుడూ చోటు మారవు.

గంట గడవకముందే మొదటి గదిలోంచి కేక వినిపించింది. సుబ్బలక్ష్మమ్మగారు అనంతపురం నుంచి కీళ్ళనొప్పులతో వచ్చిన పెద్దావిడ. నేను వెళ్ళేసరికి కుర్చీ మీద నిలబడి ఉన్నారు. కీళ్ళనొప్పులతో అంత ఎత్తు ఎట్లా ఎక్కారో ఇప్పటికీ తెలియదు. కెంచి వరండాలో కూర్చుని ఆమెను మర్యాదగా చూస్తోంది.

"మేనేజరూ! అదైనా ఉండాల, నేనైనా ఉండాల!"

"ఏమీ చేయదండీ..."

"మీకందరికీ నవ్వులాట. ఎనిమిదేండ్లప్పుడు కుక్క కరిస్తే నాకు బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు పొడిచినారు. అది ఏమీ చేయదని నా బుద్ధికి తెలుసునప్పా. కడుపుకు తెల్దు!"

ఈశ్వరి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గదిలోకి వెళ్ళి, ఎర్ర పట్టుదారం కండె తెచ్చింది. పడమటి గది ముందర వరండాకు అడ్డంగా, స్తంభం నుంచి గోడ దాకా, మోకాలెత్తులో ఒక్క పోగు కట్టింది.

"ఇది దాటి రాదమ్మా."

"దారమా! దారం కుక్కను ఆపుతాదా?"

"మా వీధిలో తెల్లార్తో పడుగు సాచింటారు. వీధి పొడుగునా పట్టుపోగులే. దానిమీద కాలు పడితే చీర పోయినట్లే. మా వీధిలో పుట్టిన కుక్కకు నడక కంటే ముందర ఇదే నేర్పిస్తారు."

కెంచి వచ్చింది. దారం దగ్గర ఆగింది. అటూ ఇటూ చూసి, కూర్చుని ఆవులించింది. సుబ్బలక్ష్మమ్మగారు అరగంట పరీక్షించి కుర్చీ దిగారు. "శనివారం రానీ, ముత్యాలప్పకు చెప్తా," అని మాత్రం అన్నారు.

మరునాడు పొద్దున పాలచెంబు తీసుకుని వరండా వెంట పడమటి గదికి బయలుదేరాను. దారం దాకా వచ్చాను. ఆగాను. వెనక్కి తిరిగి, మెట్లు దిగి, పెరట్లోంచి చుట్టి వెళ్ళి, అవతలి మెట్లెక్కాను.

ఈశ్వరి తలుపుకు ఆనుకుని అంతా చూస్తోంది.

"కాలెత్తి దాటితే అయిపోతాండె గదా?"

"చెంబులో పాలున్నాయి కదా అని..."

"వంట కుళ్ళాయమ్మ బిందె చంకన పెట్టుకోని దాటింది. పోస్టాయప్ప సైకిలెత్తుకోని దాటినాడు. ఆగింది ఇద్దరే. కెంచి ఒగటి, మీరొకరు." ఆమె చెంబు అందుకుంది. "మీది యా వీధి?"

"హిందూపురం."

"ఊరు అడగలేదు. వీధి అడిగినా."

తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పని విషయం ఆ మెట్టు మీద కూర్చుని ఆమెకు చెప్పాను. మాది కూడా ధర్మవరమే. పదేళ్ళప్పుడు ఇనపచక్రం దొర్లించుకుంటూ పరుగెత్తి, మా నాయన సాచిన పెళ్ళిచీర పడుగులోకి దూరిపోయాను. ఎన్ని పోగులు తెగాయో లెక్కలేదు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. రోజంతా ఎండలో కూర్చుని, ఒక్కో పోగునూ తడి వేలితో మెలిపెట్టి అతికాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. పదిహేనేళ్ళు రాగానే పనికని హిందూపురం వచ్చేశాను. మళ్ళీ ఆ వీధి తొక్కలేదు.

"కొట్టింటే బాగుండు," అన్నాను.

ఈశ్వరి ఓదార్చలేదు. "పదేండ్ల పిల్లోడు పడుగు తెంపినాడు. దానికి ఈ పొద్దుటిదాకా బోర్డులు రాస్తాండాడు," అంది.

కోపం వచ్చింది. లేచి వచ్చేశాను. మళ్ళీ పెరట్లోంచి చుట్టూ తిరిగే. వెనక ఆమె నవ్వు వినిపించింది. నాది కోపం కాదని తెలిసేసరికి మధ్యాహ్నమైంది. దాక్కున్న చోట దొరికిపోయిన పిల్లవాడికి, ఉడుకుమోత్తనంతోపాటు హమ్మయ్య అని కూడా ఉంటుంది. నాకు కలిగింది అదే.

చౌడప్ప నడక సాగింది. మొదటిరోజు గేటు దాకా. రెండోరోజు మామిడితోట దాకా. కెంచి ముందుకు లాగుతుంటే, "ఏమే, నీకేమన్నా కచేరీలో పనుండాదా?" అని తిడుతూ వెనకాల ఆయన. గురువారం కోటవాకిలి దాకా వెళ్ళారు. గోడలు చూసే పనుందని చెప్పి నేనూ వెంట వెళ్ళాను. కోటగోడలకూ నాకూ ఏ సంబంధమూ లేదు.

ఉన్నట్టుండి వాన కురిసింది. ఎండాకాలపు వాన, లావు చినుకులు. నలుగురమూ కోటవాకిలి కిందికి పరుగెత్తాం. చౌడప్ప కూడా పరుగెత్తాడు. పరుగెత్తానని ఆయనకు తెలియలేదు. ఈశ్వరికి తెలిసింది. ఆమె నావైపు చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి, వానవల్ల కాదు. ఆ క్షణంలో కెంచి ఒళ్ళు విదిలించింది. నా తెల్లచొక్కా మీద ఎర్రమట్టి చుక్కలు పడ్డాయి.

"దీనికేమన్నా రూలుండాదా?" అంది ఈశ్వరి.

"లేదు. ఇప్పుడు రాయాల."

"అయ్యో, మేనేజరు భాష యాడికి పోయె?"

వాన తగ్గకూడదని కోరుకున్నాను. పది నిమిషాల్లో తగ్గింది.

శనివారం ముత్యాలప్ప వచ్చాడు. వరండాలో కుర్చీ వేసుకుని, సుబ్బలక్ష్మమ్మగారు చెప్పిందంతా విన్నాడు.

"ఏం తిమ్మరాజూ, బోర్డు నువ్వు రాసి, నువ్వే తప్పుతావా? ఈ పొద్దు కుక్క. రేపు ఇంకొకడు మేకను తెస్తాడు. ఎల్లుండి ఎద్దును తోలుకొస్తాడు. ఇది బంగళానా, సంతనా?"

"మగ్గమైతే ఇంట్లో వదిలేసి వచ్చినాంలే సావుకారీ," అంది ఈశ్వరి.

"నవ్వులాట గాదమ్మా. డబ్బిచ్చి దిగినవాళ్ళు భయపడతాంటే ఎట్ల? మధ్యాహ్నం బండికి కుక్కను పంపించండి. లేకుంటే మీరు ఖాళీ చేయండి."

చౌడప్ప లేచాడు. "పద ఈశ్వరీ," అన్నాడంతే. కెంచి తాడు పట్టుకుని మెట్లు దిగాడు. జట్కా పిలిపిస్తానని ఈశ్వరి అన్నా ఆగలేదు. పెట్టెను మాత్రం జట్కాలో వేసుకుని ఈశ్వరి వెనకాల వెళ్ళింది. ఒక్కసారి తిరిగి చూసింది. నేను నోరు తెరవలేదని చూసింది.

అప్పుడు తెరిచాను. ఆలస్యంగానే.

"సార్, మనం అద్దెకిచ్చేది గోడలు కాదు, గాలి. ఆ గాలి ఆయన ఒంటికి పట్టాలంటే కుక్క కావాల. పడమటి గదికి వేరే మెట్లుండాయి. కుక్కను తెచ్చుకునేవాళ్ళకు అదొక్కటే ఇద్దాం. ముందుగదుల్లోకి దిగేవాళ్ళకు కార్డులోనే చెప్పేద్దాం. భయపడేవాళ్ళు రాకపోతే రానీ. వద్దంటే నేను కూడా ఉండను." తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టాను.

ముత్యాలప్ప గుత్తినీ నన్నూ చూశాడు.

"నా భయం పోలేదు, పోదు," అన్నారు సుబ్బలక్ష్మమ్మగారు. "దాన్ని ముద్దు చేయమంటే నావల్ల కాదు. కానీ ఆ మనిషి వచ్చినరోజు మెట్టెక్కలేకపోయినాడు. ఇప్పుడు చూడు, కోపంతో స్టేషనుకు నడిచిపోతాండాడు. అది పోవాలని గాదు నేను చెప్పింది. నాకు అడ్డం కావాలని చెప్పినా. ఆ దారం అట్లే ఉండనీ. వాళ్ళు పొద్దున ఆరుకు తిప్పుకోనీ, నేను ఏడుకు నడకకు పోతా."

"నెలాఖరుదాకా చూద్దాం," అన్నాడు ముత్యాలప్ప గొంతు సవరించుకుని. "ఆ గుత్తి తియ్యప్పా, బల్ల గీసుకుపోతాది."

స్టేషను రెండు మైళ్ళు. డాక్టరు చెప్పింది ఒక మైలు. మిగతాది కోపం నడిపించింది. నేను వెళ్ళేసరికి చౌడప్ప ప్లాట్‌ఫారం బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ధర్మవరం వైపు బండికి సిగ్నలు పడింది.

"రాండి. గది మీదే. సుబ్బలక్ష్మమ్మగారు కూడా ఒప్పుకున్నారు," అన్నాను రొప్పుతూ.

"పొమ్మన్న చోటికి మళ్ళా ఏంటికి రావాల?" అన్నాడు చౌడప్ప.

"కారణం లేకుండా మా నాయన నడవడు," అంది ఈశ్వరి నావైపు చూడకుండా. "తెలుసు గదా."

"కారణం ఉండాది," అన్నాను. "మా ఇంటోళ్ళతో వచ్చి మీ నాయన్ని ఒక మాట అడగాల. దానికి మీరు పెనుకొండలో ఉండాల."

ఈశ్వరి మొహం తిప్పింది. "మా నాయన్నా? నన్నెవరు అడుగుతారు?"

"ముందర నిన్నే."

ఆమె కెంచి మెడ గోకుతూ, "నేను వచ్చే ఇంటికి ఇది కూడా వస్తాది," అంది. "ముందే చెప్తాండా. ఈసారి కార్డులో రాయలేదనొద్దు."

"రానీ."

"అట్లయితే సరే."

చౌడప్ప మా ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "ఏమబ్బా, మీ నాయన పేరేంది?"

"హనుమప్ప. మార్కెట్టు వెనక వీధి."

"పడుగు హనుమప్పా! చక్రంతో దూరిన కొడుకువి నువ్వా?" ఆయన పెద్దగా నవ్వాడు. "ఆ చీర అమ్ముడుపోయింది గదప్పా! అన్ని అతుకులేసినా ఒగటి కనపడలేదని వీధంతా చెప్పుకున్నారు. మీ నాయన ఇప్పటికీ ఆ చీర గురించే గొప్పలు చెప్తాడు."

నేను బెంచీ చివర కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ పాటు ఆయన మౌనానికి నేను ఒకే అర్థం చెప్పుకున్నాను. అడగలేదు. ఒక మనిషి మాట్లాడకపోతే, ఆ ఖాళీలో మనం మన భయాన్నే కూర్చోబెడతాం.

బండి వచ్చింది. చౌడప్ప లేచి, ఎక్కేవాడిలా నిలబడి, "మీ నాయన్ని తోడుకోనిరా. ఆయన మాట్లాడితేనే నేను మాట్లాడేది," అన్నాడు.

"ఇప్పుడేనా?"

"బండి ఇప్పుడే గదా వచ్చింది?"

పరుగెత్తి టిక్కెట్టు తెచ్చుకుని ఎక్కాను. వాళ్ళను ఆపడానికి వచ్చిన నేను రైలుపెట్టెలో ఉన్నాను; పోవడానికి వచ్చినవాళ్ళు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. ఈశ్వరి కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ నాయన రానంటే?"

"వచ్చేదాకా అరుగు మీదే కూచుంటా."

"కూచో. మీ అమ్మ చేతి కూడు తినకుండా మాత్రం రావద్దు నువ్వు."

అప్పటిదాకా ఆమె నన్ను మీరు అనే పిలిచింది.

బండి కదిలింది. చౌడప్ప అప్పటికే కుక్క తాడు పట్టుకుని బంగళా దారి పట్టాడు. ఆ అమ్మాయి కదల్లేదు, చేయి ఊపలేదు, కిటికీనే చూస్తూ నిలబడింది. ప్లాట్‌ఫారం దాటేవరకు నేనూ ఆమెనే చూశాను. తర్వాత లేచి, ఎదుటి బల్లకు మారి, ఇంజను వైపు మొహం పెట్టి కూర్చున్నాను.