సరస్సు వైపు తలుపు

ఎడీల్ ఆఫీసులోకి వచ్చేసరికి ఆమె కనురెప్పల మీద మంచు ఇంకా కరగలేదు.

"పొద్దున మా నాన్న తల ఎవరో పగలగొట్టారు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. పోలీసులు మా పనివాడు లోవెల్‌ను అనుమానిస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి మనిషండీ."

డిటెక్టివ్ హెస్టర్ క్విన్లాన్ కోటు అందుకుంది. ఆమె సహాయకుడు టిబ్బెట్స్, రిటైరైన లెక్కల మాస్టారు, కిటికీలోంచి చూసి నిట్టూర్చాడు. ఉదయం ఎనిమిదింటికి గాలి ఉన్నట్టుండి వాయవ్యం నుంచి, సరస్సు మీదుగా అందుకుంది. అప్పటినుంచి ఒంటారియో సరస్సు ఒడ్డు మీదికి మంచును కుమ్మరిస్తూనే ఉంది.

ఎడీల్ తండ్రి ఆరిన్ పడిపోయింది మేపుల్ చెట్ల తీపి రసాన్ని పాకంగా కాచే షెడ్డులో. దానికున్న ఒక్క తలుపు సరస్సుకు ఎదురుగా ఉంది. బయట మంచు మోకాలి లోతు. లోపల, స్ట్రెచర్ తెచ్చినవాళ్ళ అడుగుల తడి తప్ప, నేలంతా పొడి రంపపు పొట్టు. పల్చగా, పిండి జల్లినట్టు పరుచుకుని ఉంది. హెస్టర్ వంగి చిటికెడు తీసి చూసింది. టిబ్బెట్స్‌కు ఏమీ అర్థం కాలేదు.

వంటింట్లో అందరినీ కూర్చోబెట్టారు. గాలికి కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి. లోవెల్ కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"తొమ్మిదింటికి షెడ్డు పక్కనుంచే పోయానమ్మా. తలుపు వేసుంది. లోపల అయ్యగారున్నారని అనుకోలేదు."

"అబద్ధం," అన్నాడు ఆరిన్ తమ్ముడి కొడుకు డ్వైట్. "పదింటికి నేనొచ్చేసరికి తలుపు బార్లా తెరుచుకుని, గాలికి టపటపా కొట్టుకుంటోంది. వీడే కొట్టి పారిపోయాడు. నేనే తలుపు మూసి ఫోన్ చేశాను."

"ఈ మేపుల్ అడవి అమ్మడానికి మీ పెద్దనాన్న ఒప్పుకోలేదటగా?" అంది హెస్టర్.

"అందుకని చంపుకుంటామా?"

హెస్టర్ తల తిప్పింది. "మాస్టారూ, పదింటిదాకా ఆ తలుపు తెరిచి ఉంటే లోపల ఏముండాలి?"

టిబ్బెట్స్‌కు అప్పుడు తట్టింది. "మంచు కుప్ప. రంపపు పొట్టు అంతా గోడ మూలకు ఎగిరిపోవాలి."

"కానీ కదల్లేదు. తలుపు ఎనిమిదింటికి ముందే మూశారు. మూసింది లోవెల్ అయితే, తెరిచి ఉందని మీరు కల్పించాల్సిన పనేముంది, డ్వైట్?"

డ్వైట్ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"మాటా మాటా పెరిగింది. కట్టె చేతికొచ్చింది. నేను బయటికొచ్చేటప్పుడు ఊపిరి ఆడుతోంది. చలిగాలి వస్తోందని రేడియోలో చెప్పారు. ఆయనకు చలేస్తుందని తలుపు వేశాను."

ఎడీల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "మరి అప్పుడే ఫోన్ ఎందుకు చెయ్యలేదన్నయ్యా? రెండు గంటలు?"

"రోడ్డు పక్కన కారులో కూర్చున్నాను," అన్నాడు డ్వైట్. "చేద్దామనే అనుకున్నాను, ఎడీల్. ఆ రెండు గంటలూ అదే అనుకుంటూ ఉన్నాను."