పద్దెనిమిది నిమిషాల పాట

రికార్డుల షాపు యజమాని ప్రాణం పోయి గంట దాటినా, అతని ముందు ప్లేయర్ మాత్రం తిరుగుతూనే ఉంది. మెడ మీద చీమ కుట్టినంత గాటు. చేతిలో కొత్త ఆల్బమ్ అట్ట. జర్మన్ సైకడెలిక్, ప్రోగ్రెసివ్ రాక్ పాటల సంకలనం, రెండు డిస్కులు. అతను డిపార్ట్‌మెంట్‌కి ఇన్ఫార్మర్ అన్న సంగతి ముగ్గురికే తెలుసు. నాలుగోవాడికి ఎలా తెలిసిందో ఆ ముగ్గురికీ తెలియదు.

"నాలుగింటికి ఇదే ఆల్బమ్ రేడియోలో వేస్తున్నారు," అన్నాడు చీఫ్, షాపు వెనక గదిలో. "ఎక్కడో సిగ్నల్ ఉంది. అది వినపడగానే ఓడరేవు, పవర్ స్టేషన్, రేడియో భవనం, మూడూ ఒకేసారి పేలతాయి."

"ప్రోగ్రామ్ ఆపేస్తే?"

"ఆపినా పేలుస్తారు. భవనం ఖాళీ చేయించినా పేలుస్తారు. వాళ్ళ మనుషులు మూడు చోట్లా ఉన్నారు. బాంబ్ స్క్వాడ్‌కి ఐదింటిదాకా టైమ్ కావాలి. సిగ్నల్ ఏ ముక్కలో ఉందో నువ్వు పట్టుకో, అది గాల్లోకి పోకుండా చూద్దాం."

ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో పాముచెవులు అంటారు. పక్క గదిలో గుండుసూది పడితే ఎంత పొడుగుదో చెప్తాడని ప్రతీతి. అందులో సగం కోతలే. ఆ రోజు అతని వేషం ప్లేయర్లు బాగుచేసే మెకానిక్. చెవిలో వినికిడి యంత్రం, నిజానికది ట్రాన్స్‌మిటర్. ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ ఒక్క చిక్కుంది. నాలుగింటికి ఆ రికార్డు వేసే అనౌన్సర్ అతని సొంత చెల్లెలు.

చీఫ్ వీధిలో ఉన్న వ్యాన్‌లోకి వెళ్ళిపోయాడు. గదిలో మిగిలింది ముత్యాల మేడం. ఆరు నెలల కిందట అటువైపు నుంచి ఇటు దూకిన డబుల్ ఏజెంట్. మెడలో ముత్యాలు అసలువో నకిలీవో కూడా ఎవరికీ తెలియదు.

"మొత్తం వినడం దండగ," అందామె. "మావాళ్ళు సిగ్నల్ ఎప్పుడూ చివర్లోనే పెడతారు. నాలుగో సైడ్ వినండి చాలు."

"మీరు విన్నారా?"

"ఎక్కడ? రికార్డులు అచ్చేసే ప్రెస్ నుంచి పొద్దున్నే రెండు కాపీలు వచ్చాయి. ఇదొకటి, రేడియోకి ఒకటి."

మూడు యాభై ఐదు. అతను మొదటి సైడ్ మీద ముల్లు దించాడు.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ సంగీతానికి అది తోడైతే ఇక చెప్పేదేముంది. ఆర్గన్ మూలిగితే సంకేతమేమో అనిపించింది. ఎవరో మాటలు తిరగేసి మాట్లాడితే గూఢలిపేమో అనిపించింది. సింథసైజర్ గుడగుడమంటే కాగితం మీద రాసుకుని కొట్టేశాడు. సైడ్ చివరి పాట మొదలైంది. వంక పెట్టడానికి వీల్లేని ఒకే దరువు, ఆగని రైలులాగా. ఆమె కళ్ళు మూసుకుని తలాడిస్తోంది.

పాట ఆరో నిమిషంలో ఆమె సన్నగా ఒక రాగం అందుకుంది. ఒక్క క్షణం తర్వాత ప్లేయర్‌లో ఫ్లూట్ అదే రాగం ఎత్తుకుంది. మధ్యలో మూడు సన్నటి టిక్కులు.

అతను ముల్లు ఎత్తేశాడు.

"ఈ పాట తెలుసా మేడం?"

"చిన్నప్పటి నుంచీ."

"నాకూ తెలుసు. చెల్లీ నేనూ అరగదీసిన పాట. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. ఫ్లూట్ వచ్చేది పదిహేనో నిమిషంలో. దీంట్లో తొమ్మిది నిమిషాలు కోసేసి ముందుకు లాగారు. పొద్దున వచ్చిన రికార్డులో కోత ఎక్కడుందో మీకెలా తెలిసింది?"

ఆమె నవ్వి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సూది ఉంది.

"షాపతను కూడా ఇలాగే ఎక్కువ విన్నాడు."

అతను ప్లేయర్ మూత ఆమె చేతి మీద దబాలున వేశాడు. సూది మూత లోపలి ఫెల్ట్ గుడ్డలో దిగబడింది. తోపులాటలో రెండు అరలు కూలాయి. ట్రాన్స్‌మిటర్‌లో అంతా విన్న చీఫ్ తలుపు తోసుకొచ్చి ఆమెని పట్టుకునేసరికి విలువైన నిమిషాలు హరించుకుపోయాయి. షాపు రేడియోలో అప్పటికే ఆ దరువు మోగుతోంది.

రేడియో స్టేషన్ లైన్ ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. స్టూడియోలో చెల్లెలి పక్కన గంట మోగని ఫోన్ ఒకటుంది. ఎర్ర బల్బు మాత్రం వెలుగుతుంది. ఏదో పెద్ద గండం వస్తే తప్ప ఇంట్లోవాళ్ళు ఆ నంబర్ తిప్పరు. అతను తిప్పాడు.

"అన్నయ్యా, పాట నడుస్తోంది, త్వరగా చెప్పు."

"పాట ఆపకు. ఫ్లూట్ వచ్చేముందే దాని మీద మాట్లాడు. గట్టిగా. నేను చాలనేదాకా."

"పాట మీద నేను మాట్లాడను. నీకు తెలుసుగా."

"తెలుసమ్మా. తెలిసీ అడుగుతున్నా."

చెల్లెలు కారణం అడగలేదు. ఆమె గొంతు రేడియోలో ఖంగుమంది: "శ్రోతలారా, రేపు ఆకాశం పాక్షికంగా మేఘావృతమై..." దాని అడుగున ఫ్లూట్ ఎక్కడో నలిగిపోయింది. మూడు టిక్కులూ ఎవరి చెవినా పడలేదు. అప్పుడు అతను ఫోన్‌లో "చాలమ్మా" అన్నాడు.

మూడు చోట్లా మూడు చేతులు సిగ్నల్ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి. నాలుగు యాభై రెండుకి మూడిటికీ బేడీలు పడ్డాయి.

ఆ వారం రేడియో స్టేషన్‌కి నూట పదకొండు ఉత్తరాలొచ్చాయి. భవనం నిలబడినందుకు ఒక్కరూ రాయలేదు. అందరూ మంచి పాటలో వాతావరణ సూచన దూర్చిన అనౌన్సర్‌ని దుమ్మెత్తిపోశారు. అన్నిటికన్నా ఘాటైన ఉత్తరం కింద సంతకం లేదు. చెల్లెలు ఆ దస్తూరీ చూసి ఇంటికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కనీసం ఎడం చేత్తో రాయాల్సింది."