శాతమ్మ చెప్పని శాతం

కుజగ్రహం మీద అరుణనగరంలో ఆ ఉదయం కూడా హైమవతి తలుపు ముందు ముగ్గు వేసింది. మంచు గని వట్టిపోయింది. భూమి నుంచి నీళ్ల నౌక వచ్చేలోగా ఊరందరి గొంతులూ ఎండిపోతాయి. రెండేళ్ల కూతురు లేఖ్యకు అప్పుడే పెదవులు పగిలాయి. అయినా హైమ ముగ్గు మానలేదు. నీళ్లకు కరువు గానీ, తెల్లరాయి పొడికి అక్కడ కరువు లేదు, కొండలకు కొండలే ఉన్నాయి.

ఆమె ఆ ఊరి రసాయన శాస్త్రవేత్త. పూర్వం ఆమెలాంటివాళ్లు పదార్థంలో ఒక్కో మూలకం భారాన్నీ కట్టి, మొత్తం అణుభారంతో భాగించి, వందతో హెచ్చవేసేవారు. ద్రవ్యశాత దర్శిని వచ్చాక ఆ బాధ తప్పింది. ఏ రాయి పెట్టినా క్షణంలో శాతాలు చదివేస్తుంది. ఊళ్లో దాని ముద్దుపేరు శాతమ్మ. తెల్లరాయిలో నీటి జాడ లేదని అందరూ నమ్మిందీ దాని మాట మీదే.

ముగ్గు డబ్బాను హైమ పరధ్యానంగా వేడి పొయ్యి మీద పెట్టేసింది. తీసి చూస్తే మూత లోపల నీటి చుక్కలు! పొయ్యి ఎక్కని కొత్త పొడి తెచ్చి శాతమ్మ ముందు పోసింది.

“ఆక్సిజన్ యాభై ఐదు పాయింట్ ఎనిమిది, కాల్షియం ఇరవై మూడు పాయింట్ మూడు, గంధకం పద్దెనిమిది పాయింట్ ఆరు,” అంది శాతమ్మ. ఏళ్లుగా చదువుతున్న పాఠమే.

హైమ మొదటిసారి వాటిని కూడింది. “తొంభై ఏడు పాయింట్ ఏడే వచ్చిందేమిటే? మిగతాదేదీ?”

“హైడ్రోజన్, రెండు పాయింట్ మూడు. ఐదు శాతం లోపు చిల్లరంతా చదివి ప్రాణం తియ్యొద్దని భానోజీగారు అన్నారు కదమ్మా.”

హైమ కేకకు ఊరి పెద్ద భానోజీ పరుగెత్తుకొచ్చాడు. సంగతంతా విని పెదవి విరిచాడు. “రెండు శాతంతో ఏం చేసుకుంటామే తల్లీ?”

“హైడ్రోజన్ తేలిక బాబాయ్! దాని ఒక్కో గ్రాముకీ ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ కలిస్తే నీళ్లు. అంటే తొమ్మిదితో హెచ్చవెయ్యాలి. ఈ రాయిలో అయిదోవంతు నీళ్లే! కాలిస్తే వచ్చేస్తాయి. ఇన్నాళ్లూ మనం నీళ్లతో ముగ్గులేశాం!”

భానోజీ అక్కడే కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

సాయంత్రానికి కొలిమి గొట్టం నుంచి నీళ్లు కారాయి. ఊరు ఊపిరి పీల్చుకుంది. లేఖ్య కడుపునిండా తాగి తల్లి భుజం మీద నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత హైమకు మనసు తేలికపడింది. ఐదు శాతం ఆంక్ష ఎత్తేశారు గనుక శాతమ్మ మాత్రం ప్రతి గ్లాసుకూ మొదలుపెట్టింది.

“ఆక్సిజన్ ఎనభై ఎనిమిది పాయింట్ ఎనిమిది, హైడ్రోజన్ పదకొండు పాయింట్ రెండు, గంధకం సున్నా పాయింట్ సున్నా సున్నా సున్నా నాలుగు, కాల్షియం సున్నా పాయింట్ సున్నా సున్నా...”

“అబ్బబ్బ, గుక్క దిగనీవే!” అన్నాడు భానోజీ.

“చిత్తమండి. ఎంత శాతం లోపువి మానెయ్యమంటారు?”

“ఐదు!” అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. అందరికంటే ముందు వినిపించింది, పాప ఎక్కడ లేస్తుందోనని కంగారుపడిన హైమ గొంతే.