బ్లాండీన్‌కి రెండు తాళంచెవులు

బెషార్ అనే ఎడారి పట్టణం బజారులో ఉదయం ఎనిమిదిన్నరకి ఒక మనిషి గడ్డం గీయించుకోవడానికి మంగలి కుర్చీలో కూర్చున్నాడు. మంగలి వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆ మనిషి తల పక్కకి వాలిపోయి ఉంది. చెవి వెనక చిన్న రంధ్రం. తుపాకీ చప్పుడు ఎవరూ వినలేదు.

చనిపోయినవాడు ఏజెంట్ మిలూద్. అతని ఎడమ బూటు అట్టకింద దొరికిన కాగితం మీద మూడే మాటలు: బ్లాండీన్. గురువారం. పదకొండు.

సోమవారం మధ్యాహ్నం అల్జీర్స్‌లో గూఢచారి విభాగం కల్నల్ లఖ్దర్ ఆ కాగితాన్ని తన ఇంకో ఏజెంట్ జిలాలి ముందుకి తోశాడు.

"బ్లాండీన్ ఎవరు సార్?"

"ఎవరు కాదు, ఏది అని అడుగు. హమ్మగీర్‌లో రాకెట్లు వదిలే ఒక లాంచ్ ప్యాడ్. ఫ్రెంచివాళ్లు ప్యాడ్లకి ఆడవాళ్ల పేర్లు పెట్టుకున్నారు. వాళ్లు వెళ్లిపోయి ఐదేళ్లయింది. అక్కడిప్పుడు కాంక్రీటు, గాలి, నలభై కొంపలు. అంతే."

"మరి గురువారం పదకొండింటికి ఏముంది?"

"పొరుగు దేశం మంత్రీ మన మంత్రీ సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. అది జరగకూడదని కోరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు." కల్నల్ సిగరెట్ నలిపేశాడు. "రెండు నెలల కిందట ఒక విదేశీ ముఠా నీళ్లకి బోరు వేస్తామని హమ్మగీర్‌లో లారీలతో సామాను దింపింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నాకు నచ్చనిది అదే."

"నేనేం చెయ్యాలి?"

"చూడు. కబురు పంపు. నేను చెప్పేదాకా చెయ్యెత్తకు. అక్కడ మన మనిషి ఉంది. డాక్టర్ లమియా, కళ్ల డాక్టరు."

బుధవారం పొద్దున్న అబద్లా దాటి, గీర్ వాగు పక్కన దుమ్ములో ఎగిరెగిరి పడుతూ వచ్చిన జీపులోంచి గొర్రెలకి టీకాలు వేసే మనిషి వేషంలో జిలాలి హమ్మగీర్‌లో దిగాడు. చేతిలో మందుల పెట్టె. పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్. బూటు మడమలో చిన్న కత్తి.

హాజ్ బూహఫ్స్ అనే ముసలాయన అతన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఫ్రెంచివాళ్ల కాలంలో సైటుకి నీళ్లు మోసినవాడు. ఇప్పుడు బోరు కంపెనీకి కాపలా. కూతురు మెబార్కా రొట్టె, వెన్న తెచ్చి పెట్టింది.

"మా గొర్రెలకి ఏం జబ్బు నాయనా?" అని ముసలాయన అడిగాడు.

"ముందు జాగ్రత్త, హాజ్. రాకుండా వేస్తారు."

"ఫ్రెంచివాళ్లూ అదే అనేవాళ్లు. రాకెట్ వదిలే ప్రతిసారీ, ముందు జాగ్రత్త అని మమ్మల్ని నలభై మైళ్లు తోలేవాళ్లు. ఒకసారి మా అమ్మ చనిపోయి ఉంది, ఇంకా పాతిపెట్టలేదు. అప్పుడూ తోలారు."

లమియా ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లకోటు. వరసలో కూర్చున్న ఆడవాళ్ల కళ్లల్లో మందు వేస్తోంది.

"డాక్టర్‌గారూ, కళ్ల మందు ఉందా? గొర్రెకి," అన్నాడు జిలాలి.

"ఉంది. గొర్రె చూస్తానంటేనే ఇస్తాను."

కోడ్ సరిపోయింది. ఆడవాళ్లు వెళ్లాక ఆమె పుదీనా టీ పోసింది. జిలాలి తన సెట్ తెరిచాడు. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. రెండు గంటలు ప్రయత్నించాడు.

"ఈ గాలికి ఆ చిన్న సెట్ పనిచెయ్యదు. నా దాంట్లో పంపుతాను. రాసివ్వండి," అంది లమియా.

అతను రాసిచ్చాడు. ఆమె పంపింది. సాయంత్రానికి జవాబు తెచ్చింది: వేచి ఉండు.

జిలాలి వేచి ఉన్నాడు. మెబార్కా అందరికీ గంజి పోసింది. లమియాకి మాత్రం పక్కన కూర్చుని, "తిను అక్కా, ఎండలో ఎండిపోతున్నావు," అని బలవంతం చేసింది. రెండు నెలలుగా తన పరుపు ఆమెకిచ్చి తాను చాప మీద పడుకుంటోందట. ఊళ్లో ఆడవాళ్లకి చూపు తెప్పించిన మనిషికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అంది.

గురువారం తెల్లారింది. ఇంకా ఆర్డర్ లేదు. తొమ్మిది గంటలకి జిలాలి ఆగలేక ముసలాయన వెంట బ్లాండీన్‌కి నడిచాడు. కంపెనీ మనిషి ఒకడు దూరంగా రోడ్డు మీద జీపులో కాపలా ఉన్నాడు. జిలాలి బోరు టవర్‌కి చుట్టిన టార్పాలిన్ మూల ఎత్తాడు.

లోపల బోరు లేదు. రాకెట్. దాని ఒంటి మీద తడి ఆరని ఆకుపచ్చ, తెలుపు రంగులు, మధ్యలో ఎర్ర నెలవంక, నక్షత్రం. తమ దేశం జెండా.

ముసలాయన ఆ రంగు మీద వేలు పెట్టి చూశాడు. "రెండు నెలలుగా దీన్నా నేను కాపలా కాసింది?"

"చేతులు పైకెత్తండి," అంది వెనక నుంచి లమియా. చేతిలో చిన్న పిస్టల్. "నిన్న నువ్వు రాసిచ్చింది ఎక్కడికీ వెళ్లలేదు, జిలాలీ. జవాబు నేనే రాశాను."

*

భూమిలోకి దిగే బంకర్లో ఇద్దరినీ ఇనప పైపుకి బేడీలతో కట్టేశారు. వెతికి, బూటులో కత్తి కూడా తీసేశారు. ఎదురుగా జానెడు మందాన గాజు కిటికీ, దాని అవతల ప్యాడ్, టార్పాలిన్ తీసేసిన రాకెట్.

ముఠా నాయకుడు క్రాస్ మాట్లాడుతూనే స్విచ్చులు వేశాడు. "సరిహద్దు అవతల పట్టణంలో ఇరవైవేల మంది. సంతకాలు పెడుతుండగా మీ జెండా ఉన్న రాకెట్ వాళ్ల బజారులో పడుతుంది. ఆ తర్వాత ఇక మేం చెయ్యాల్సిన పనేమీ ఉండదు. మీరే చేసుకుంటారు."

గోడకి ఈ చివర ఒక తాళం, ఆ చివర ఒక తాళం. ఒక్క మనిషి చేతులు చాపినా అందని దూరం. రెండూ ఒకేసారి తిప్పాలి. ఒకదాని దగ్గర క్రాస్, ఇంకోదాని దగ్గర లమియా.

జిలాలి పైపుని లాగాడు. మణికట్లు చీరుకుపోయాయి. పైపు కదల్లేదు.

"ఊరికే లాగకు నాయనా. ఫ్రెంచివాళ్ల పని, గట్టిగా ఉంటుంది," అన్నాడు ముసలాయన. "నువ్వు గొర్రెల మనిషివి కావని నిన్ననే తెలుసు నాకు. గొర్రెని పట్టుకునే తీరే అది కాదు."

పదకొండుకి మూడు నిమిషాలు ఉండగా వాగు వైపు నుంచి ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. ముందు మెబార్కా. నెత్తిమీద రొట్టెల మూట, చేతిలో టీ కెటిల్. పొద్దున తినకుండా వెళ్లిన తండ్రిని వెతుక్కుంటూ ఇరుగుపొరుగు ఆడవాళ్లతో వచ్చింది. రోడ్డు మీది కాపలావాడికి వాగు కనబడదు.

వాళ్లు రాకెట్‌ని తలెత్తి చూశారు. ఒకామె దాన్ని తట్టి చూసింది. ఆ రాతినేల మీద చుట్టుపక్కల ఎక్కడా నీడ లేదు, దాని నీడ తప్ప. వెళ్లి అందులో కూర్చున్నారు.

"మెబార్కా, లే. పరిగెత్తు తల్లీ," అని ముసలాయన అరిచాడు. జిలాలీ అరిచాడు, గొంతు పగిలేదాకా. గాజు అవతల మెబార్కా మూట విప్పి రొట్టె తుంచి పంచుతోంది. కెటిల్ పక్కన పెట్టి, తండ్రి వస్తాడేమోనని అటూ ఇటూ చూస్తోంది.

"క్రాస్, అక్కడ మనుషులున్నారు," అంది లమియా.

"ఉంటే?"

"పంపించేసి వస్తాను. రెండు నిమిషాలు."

"లెక్క ఆగదు. అవతల ఇరవైవేలకి ఒప్పుకున్నదానివి, ఏడుగురి దగ్గర ఆగుతావా? ముప్ఫై సెకన్లు. చెయ్యి తాళం మీద పెట్టు."

ఆమె పెట్టింది. నల్లకళ్లద్దాలు తీసి జేబులో వేసుకుంది. గాజులోంచి చూస్తూనే ఉంది. జిలాలి ఆమె మొహంలోకి చూశాడు. దేశం పేరు చెప్తే పనిచెయ్యదని తెలుసు.

"లమియా," అన్నాడు.

"ఐదు," అన్నాడు క్రాస్. "నాలుగు. మూడు."

రెండు అనే లోపు లమియా తాళంచెవిని ఎదురు వైపుకి తిప్పి, ఒళ్లంతా బరువు వేసి నొక్కింది. చెవి పుటుక్కున విరిగింది. సగం ఆమె చేతిలో, సగం తాళంలో.

క్రాస్ రెండుసార్లు కాల్చాడు. తర్వాత పరిగెత్తుకొచ్చి విరిగిన ముక్కని గోళ్లతో పట్టుకుని తిప్పబోయాడు. వేలు తెగింది తప్ప ముక్క కదల్లేదు. గోడ మీద ఎర్రదీపం ఆరిపోయింది. అతను ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. కాసేపటికి జీపు కదిలిన చప్పుడు.

లమియా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. తెల్లకోటు తడుస్తోంది. జిలాలి కాలు చాపాడు. ఆమె చెయ్యి అతని బూటుకి జానెడు దూరంలో ఉంది. ఎంత చాపినా ఆ జానెడు తగ్గలేదు.

"కోటు చుట్టి గట్టిగా నొక్కి పట్టుకో. ఎవరో ఒకరు వస్తారు," అన్నాడు.

"నేను డాక్టర్ని. నాకు తెలుసు," అంది. కిటికీ వైపు తల తిప్పబోయి, "ఇంకా అక్కడే కూర్చున్నారా?"

"కూర్చున్నారు. రొట్టె తింటున్నారు."

"చల్లారిపోయి ఉంటుంది టీ," అంది లమియా.

ముసలాయన నెమ్మదిగా, చనిపోయేవాళ్లకి వినిపించే కలిమా చదవడం మొదలుపెట్టాడు. తనని రెండు నెలలు మోసం చేసిన మనిషి కోసం ఆపకుండా చదివాడు. ఆయన గొంతు ఆగిన చాలాసేపటికి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, మెబార్కా బంకర్ మెట్లు దిగింది. ముందు తండ్రిని చూసింది. తర్వాత లమియాని చూసి, పక్కన కూలబడి, ఆమె కళ్లు తనే మూసింది.

*

క్రాస్ జీపు అబద్లా వంతెన దగ్గర తనిఖీ చేస్తున్న సైనికులకి దొరికింది. ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. మర్నాడు పేపర్లో నవ్వుతున్న మంత్రుల ఫోటో వేశారు. లమియాని తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. మెబార్కా వాళ్లే ఊరి పక్కన పాతిపెట్టారు. ఆమె ఎవరి మనిషో జిలాలి చెప్పబోతే, మెబార్కా విననంది.

అల్జీర్స్‌లో కల్నల్ రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"ఇందులో నువ్వేం చేశావో ఒక్క ముక్క లేదు."

"ఏం చెయ్యలేదు సార్. పైపుకి కట్టేశారు."

"ఆపింది శత్రువు ఏజెంటని నేను పైకి రాయగలనా?"

"రాయలేరు సార్."

"మరి ఎవరో ఒకరు ఆపాలి కదా," అని కల్నల్ కలం మూత తీశాడు.

నెల తిరగకుండా జిలాలికి పతకం వచ్చింది. దానితో పాటు ఇచ్చిన పత్రంలో ఇలా ఉంది: ఆపద సమయంలో తనకు కేటాయించిన స్థానం నుంచి అంగుళమైనా కదలనందుకు.