నాలుగు సెంటీమీటర్ల నెగటివ్

పాత కెమెరాలు కొని అమ్మే దుకాణం తెరిచిన రోజున అతని చేతిలో ఉన్నవి నాన్న వాడిన పెద్ద కెమెరా, ఒక భూతద్దం, బేరానికి వెనకాడని నోరు. వాటితోనే ఇల్లు నిలబడింది. ఇంట్లోవాళ్లు అతన్ని షావుకారు అనే పిలుస్తారు. సరుకు చూసి విలువ కట్టడం, ఎదుటివాళ్ల ముఖం చూసి ఎంతవరకు చెప్పాలో తేల్చుకోవడం అతనికి అలవాటు.

ఆ ఉదయం చెల్లెలు ఊపిరాడనంత హడావిడిగా వచ్చింది. దుకాణం గుమ్మం దగ్గర నాన్న పేపరు చదువుకుంటున్నాడు.

"షావుకారూ, నాన్న పాత పెట్టె దులుపుతుంటే ఏం దొరికిందో చూడు! అమ్మ ఒళ్లో నేనున్న ఫోటో నెగటివ్. కొత్తింట్లో గోడంత చేసి పెట్టుకోవాలి."

"గోడంతా? మరి కిటికీ ఎక్కడ పెట్టుకుంటావ్?"

"వేళాకోళం చాలు, పని చూడు."

చెల్లెలు పుట్టిన నెలలోనే అమ్మ పోయింది. ఆ ఫోటోకి వేసిన చదరపు ప్రింటు ఒక్కటే చెల్లెలికి అమ్మ. చిన్నప్పటి నుంచీ వెంట పెట్టుకుని తిరగడంతో అందులో అమ్మ ముఖం సగం చెరిగిపోయింది.

షావుకారు నెగటివ్‌ను లైటు పెట్టె మీద పరిచాడు. అంచుల్లో చిల్లులు లేవు. అంటే వెనక కాగితం చుట్టిన పాత రోల్. స్కేలు పెట్టాడు. పెద్ద కెమెరాతో తీసిందైతే ఆరు సెంటీమీటర్ల చదరం ఉండాలి. ఇది నాలుగే ఉంది. 127 నంబరు రోల్, తను నడక నేర్చాక నాన్న కొన్న మొదటి చిన్న కెమెరాది. ప్రింటు వేస్తే రెండూ చదరమే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తేడా తెలియలేదు. కానీ ఆ చిన్న కెమెరా చెల్లెలు పుట్టడానికి ఏడాది ముందే ఏట్లో పడిపోయింది. పడేసింది తనే. తిన్న దెబ్బ ఇంకా గుర్తుంది.

మరి ఈ పాప ఎవరు?

"ఇది పనికిరాదే. పాడైపోయింది."

"శుభ్రంగా కనిపిస్తుంటే పాడైందంటావేంటి?"

"చెప్పాను కదా, రాదు."

"పరాయివాళ్లకైతే బూజుపట్టినవీ చేసిస్తావ్. అమ్మ నీకు ఆరేళ్లు దొరికింది అన్నయ్యా. నాకు ఈ ఒక్క ముక్కే. ఇదీ గిట్టుబాటు కాదా నీకు?"

నాన్న పేపరు మడిచాడు. "వాణ్ణి అనకమ్మా. అందులో ఉన్నది నువ్వు కాదు."

చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది.

"నీకంటే ముందు ఒక పాప పుట్టింది. వీడికి అప్పటికి ఊహ తెలియదు. మూడు నెలలైనా నిండకుండానే పోయింది." నాన్న పేపరు పక్కన పెట్టాడు. "నిన్ను బడిలో ఎవరో ఏదో అన్నారని, అమ్మతో ఫోటో కావాలని అన్నం మానేశావ్. అమ్మకి జ్వరం తగ్గాక తీద్దామనుకుని మీ ఇద్దరికీ ఫోటో తియ్యనే లేదు నేను. బతికున్నది నువ్వే కదా తల్లీ. దాని ఫోటో నీకిచ్చేశా. ఆ తర్వాత దాని ఊసెత్తితే నీ దగ్గర్నుంచి అమ్మని లాక్కున్నట్టే కదా!"

చెల్లెలు స్టూలు మీద కూలబడింది.

"అయితే అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకోనే లేదా?"

"జ్వరంలో కూడా దింపలేదు నిన్ను. ఫోటో లేదు, అంతే."

ఆమె ముఖం తుడుచుకుంది. "అక్కని ఏమని పిలిచేవారు?"

నాన్న కళ్లద్దాలు తీసి పేపరు మీద పెట్టాడు.

"గువ్వ."

ఆ పిలుపుతో ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. చెల్లెలు వెళ్లి ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"రెండు ప్రింట్లు తియ్యి అన్నయ్యా. ఒకటి నాన్న మంచం దగ్గరికి."

షావుకారు తల ఊపాడు. ఆ పొద్దున చెల్లెలికి అమ్మతో ఉన్న ఒక్క ఫోటో పోయింది. బదులుగా ఒక అక్క వచ్చింది, అదీ లేని అక్క. దాన్ని లాభమనడానికి అతనికి నోరు రాలేదు. నాన్నకు మాత్రం, ఆ కూతురి కోసం బయటికి ఏడ్చే వీలు దక్కింది.