ప్రతిసారీ తగ్గిన వాన

"లెక్కలు నేనే తారుమారు చేశానంటున్నారు," అంది ఆ అమ్మాయి, కూర్చోకుండానే. "నా ఉద్యోగం మాట అటుంచండి. వరద తక్కువని చెబితే దిగువన ఉన్నవాళ్లు ఇళ్లలోనే ఉండిపోతారు."

"కూర్చుని చెప్పమ్మా," అంది డిటెక్టివ్. పేరుమోసిన ఆ మనిషిని పిన్నీ అని పిలవగలిగేది ఆమె అసిస్టెంట్ ఒక్కడే. సొంత అక్క కొడుకు.

అమ్మాయి ఆనకట్ట ఆఫీసులో ప్రోగ్రామర్. కొండల మీది వానను గళ్ల పట్టికగా తీసుకుని, వచ్చే నీటిని లెక్కకట్టే ప్రోగ్రాం ఆమెదే. పట్టిక మొత్తాన్ని ఒక్క ఆదేశంతో కూడే భాషలో రాసింది.

"ఆలస్యమవుతోందని పట్టికను ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో థ్రెడ్‌కి, అంటే ప్రోగ్రాంలోని ఒక్కో పనివాడికి, అప్పగించాను. అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. దేని మొత్తం దానిదే. చివర్లో నేను కలుపుతాను."

"ఇప్పుడేమైంది?"

"అదే వానకు నడిపినప్పుడల్లా కొత్త అంకె. అసలు లెక్క కంటే ఎప్పుడూ తక్కువే. నన్ను ప్రోగ్రాం తెరవనివ్వట్లేదు."

"ఎప్పుడూ తక్కువేనా," అని పిన్ని చెప్పులు వేసుకుంది. ఆవిడకేదో తట్టిందని అసిస్టెంట్‌కి అర్థమైంది, ఏమిటన్నది తప్ప.

ఆఫీసులో అధికారి ముభావంగా ఉన్నాడు. అందరూ తొందర అని పిలిచే రెండో ప్రోగ్రామరే గబగబా మాట్లాడాడు.

"థ్రెడ్లన్నీ ఒకే మొత్తానికి కలుపుతాయండీ. ఆవిడ వేలు పెట్టకపోతే అంకె ఎందుకు మారుతుంది?"

"మీరెప్పుడైనా తెరిచి చూశారా?"

"అబ్బే, నేను ముట్టుకోలేదు."

పిన్ని అందరినీ బోర్డు దగ్గరికి పిలిచి, నూరు అని రాసింది. అధికారి చేతికో సుద్దముక్క, అసిస్టెంట్ చేతికొకటి ఇచ్చింది.

"ఇప్పుడున్న అంకె చూసి, పది కలిపి, దాని మీదే రాయండి. ఇద్దరూ ఒకేసారి."

ఇద్దరూ నూటపదే రాశారు.

"నూట ఇరవై రావాలి. పది ఎవరూ కాజేయలేదు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తుడిచిపెట్టారు, అంతే. మోసగాడైతే ఒక అబద్ధం చూసుకుని దాన్నే పట్టుకుంటాడు. నడిపినప్పుడల్లా ఓ అంకె రావడం, అదీ ఎప్పుడూ తక్కువే రావడం, థ్రెడ్ల తోపులాట. ఈ అమ్మాయి దేని మొత్తం దానికే పెట్టింది. ఒకే మొత్తం అన్నది మీరొక్కరే బాబూ. ముట్టుకోనివారికి ఎలా తెలిసింది?"

తొందర తలదించుకున్నాడు. "చివర్లో మళ్లీ కలపడం దండగనుకున్నా. వేగం పెంచానని పేరొస్తుందని మార్చాను. తప్పు తెలిశాక నోరు పెగల్లేదు."

అధికారి సుద్దముక్క పక్కన పెట్టి, అమ్మాయికి కంప్యూటర్ ముందున్న కుర్చీ చూపించాడు. ఆమె విడి మొత్తాలు తిరిగి పెట్టి నడిపింది, మళ్లీ నడిపింది. అదే అంకె, పెద్ద అంకె. వేగమూ తగ్గలేదు. అధికారి దిగువ కాలనీలకు ఫోను చేస్తుంటే, ఆమె పక్క కుర్చీ లాగి తొందరను పిలిచింది.

"ఇక్కడ కూర్చో. ఎందుకు విడిగా పెట్టానో చూపిస్తాను."

పిన్ని ఆ పిల్లవైపే చూస్తూ గుమ్మంలో కాసేపు నిలబడింది.

"మనం కనిపెట్టిందేముందిరా," అంది అసిస్టెంట్‌తో, "తప్పు రాకుండా అంతా తను ముందే సరిగ్గా కట్టి ఉంచింది."