ఒంటిసబ్బు నురగ

"మీ ఇంట్ల షేవింగ్ సబ్బుందా?"

మేడమీద గదిలో కిరాయికి దిగిన హర్షిత్, కింది ఇంటివాళ్ల అమ్మాయి నవోమితో అన్న మొదటి మాట అదే. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఎండి పొట్టులా లేచింది. నవోమి నవ్వాపుకోలేకపోయింది.

"మొఖానికి సున్నం ఏస్కున్నరా?"

"ఒంటిసబ్బు. క్రీమ్ అయిపోయింది. సబ్బు ఏదైతేంది అనుకున్న."

"పనికొస్తది గానీ జల్ది ఎండుతది. ఉడుకు నీళ్లతోని జరంత రుద్ది, గంతమటుకే గీసి, మల్ల రుద్దాలె. మా డాడీ గట్లనే చేస్తుండె."

ఆ చివరి మాట దగ్గర ఆమె నవ్వు ఆగిపోయింది.

ఆమె తండ్రి యోసేపు చర్చిలో పాటల జట్టుకు పెద్ద. మాసిన గడ్డంతో ఏనాడూ చర్చి మెట్లెక్కిన మనిషి కాడు. పక్షవాతంతో కుడిచెయ్యి మాట వినడం మానేసింది. మంగలిని గుమ్మం తొక్కనివ్వలేదు, కూతుర్ని కత్తి పట్టనివ్వలేదు. గడ్డం పెరిగింది, చర్చి ఆగింది, పాటా ఆగింది.

వానాకాలం వచ్చింది. రామాయంపేట బ్యాంకు నుంచి హర్షిత్ తడిసి వచ్చే వేళకు నవోమికి మెట్ల దగ్గరే ఏదో ఒక పని ఉండేది. పనేమిటో ఆమెకూ తెలియదు.

"మీ డాడీని అడగనా?" అన్నాడు ఒకరోజు.

"పాట లేని ఇంట్ల పెండ్లి మాట ఎట్ల తీస్తవ్? ముందుగాల ఆయన చర్చికి పోవాలె."

ఆ ఆదివారం పొద్దున్నే హర్షిత్ ఒంటిసబ్బు, రేజరు, ఉడుకు నీళ్ల చెంబు పట్టుకుని యోసేపు ముందు కూర్చున్నాడు.

"అంకుల్, ఒంటిసబ్బుతోని గీసుడు నాకింకా వస్తలేదు. జర నేర్పుండ్రి."

"నీ మొఖం మీద నేర్చుకోరాదు?"

"నా మొఖం మీద నాకు తప్పు కనవడతలేదు."

 యోసేపు గడ్డం పైకెత్తాడు.

"ఒక్కపారే గంత రుద్దకు. ఆరుతది. ఆఁ, గిప్పుడు గియ్యి. మల్ల తడుపు."

తలుపు చాటున నవోమి చూస్తూ నిలబడింది. నురగ ఆరడం, హర్షిత్ విసుక్కోకుండా మళ్లీ రుద్దడం. చెంబులో నీళ్లు చల్లారితే ఆమే మార్చింది.

"క్రీమ్ కొనలేదా?" అని గుసగుసగా అడిగింది.

"పైన కొత్త డబ్బా ఉంది. అది తెస్తే ఆయన నేర్పనీకి ఏముంటది?"

నవోమి కళ్లు నిండాయి. దేవుడికి స్తోత్రం చెప్పుకుందో, ఇతనికి చెప్పుకుందో ఆమెకే తేలలేదు. ఇద్దరికీ చాలేంత కృతజ్ఞత ఉంది ఆ పొద్దు ఆమె దగ్గర.

యోసేపు ఎడమచేత్తో చెంప తడుముకున్నాడు.

"ఒంటిసబ్బు పనికొస్తది బిడ్డా. గీసెటోనికి ఓపికుండాలె, గంతే." కూతురి వైపు తిరిగాడు. "నవోమి, నా తెల్లంగి తియ్యి. ఈ పిలగాన్ని మన బెంచీలనే కూసోవెట్టుకుందాం. అందరు ఎవరని అడుగుతరు, చెప్త తియ్యి."

చొక్కా గుండీలు హర్షిత్ పెడుతుంటే, యోసేపు గొంతులో సన్నగా పాట మొదలైంది.